తాడు చెట్టుకు కట్టిన పిల్ల

ఈ వారం పుస్తకాల షాపులో ఒక బొమ్మల పుస్తకం తిరగేసి ఒళ్లు మండింది. సిండ్రెల్లా కత్తి పట్టింది, రాకుమారుణ్ని పొమ్మంది, గుర్రమెక్కి వెళ్లిపోయింది. స్త్రీవాద కథట! ఆ పిల్లకు కోపం లేదు, అసూయ లేదు, ఎవరిమీదా మనసు పడదు. పాత కథల జోలికి పోకండి, చేతనైతే కొత్తవి రాయండి అనే నా పాత పాటే మళ్లీ ఎత్తుకుందామని కూర్చున్నాను.

రచయిత్రి ఏంజెలా కార్టర్ అడ్డొచ్చింది. షార్ల్ పెరో ఫ్రెంచి కథల్ని ఇంగ్లీషు చేసి, రెండేళ్లకు, 1979లో, ‘ద బ్లడీ ఛాంబర్’ తెచ్చిందావిడ. అందులో ఎర్రటోపీ పిల్ల తోడేల్ని చూసి పకపకా నవ్వుతుంది. తన బట్టలు మంటలో వేశాక, వాడి చొక్కా కూడా లాగి అందులోకే విసురుతుంది. మంచం కింద అవ్వ ఎముకలు గలగలలాడుతున్నా అదే మంచం మీద హాయిగా నిద్రపోతుంది. ఆ ఎముకల చప్పుడు నాకిప్పటికీ మింగుడుపడదు. అయినా ఆ పిల్ల కోరిక ఆమెదే, ఎవరో అంటగట్టింది కాదు.

ఎమ్మా డొనహ్యూ ‘కిస్సింగ్ ద విచ్’ (1997)లో సిండ్రెల్లా చెప్పు విసిరిపారేసి, తనను విందుకు ముస్తాబు చేసిన పెద్దావిడతోనే వెళ్లిపోతుంది. ఇంతకుముందు నువ్వెవరివని ఆవిణ్ని అడుగుతుంది. ఆ జవాబే తర్వాతి కథ. అలా 13 కథలు. మన దగ్గర ఓల్గా ‘విముక్త’లో సీతను శూర్పణఖ తోటకు పంపారు కదా. ఈ మాట ఈ కాలమ్‌లో ఎన్నోసారో మీరే లెక్కపెట్టుకోండి.

పెరో 1697లో అచ్చువేసిన ఎర్రటోపీ కథలో తోడేలు పిల్లను తినేస్తుంది, అంతే. చివర ఆడపిల్లలకు నీతి పద్యం. 1812లో గ్రిమ్ సోదరులు వేటగాణ్ని పంపి తోడేలు కడుపు కోయించారు. ఫ్రాన్స్‌లో నివేర్ ప్రాంతంలో 19వ శతాబ్దం చివర సేకరించిన నోటికథ ఒకటుంది. అందులో ఎర్రటోపీ లేదు, వేటగాడూ లేడు. అవ్వ వేషంలో ఉన్న తోడేలు-మనిషి, విప్పిన బట్టలన్నీ మంటలో వెయ్యి, ఇక నీకు వాటితో పనిలేదంటుంది. పిల్ల పక్కలో చేరుతుంది. ఆ వెంట్రుకలేమిటి, ఆ గోళ్లేమిటి అని అడిగేసరికే సంగతి అర్థమైపోతుంది. అవ్వా, అర్జెంటుగా బయటికి పోవాలంటుంది. మంచంలోనే కానివ్వమంటుంది తోడేలు. కుదరదంటుంది పిల్ల. సరే, కాలికి ఉన్ని తాడు కట్టి పంపుతుంది. పిల్ల ఆ తాడు విప్పి పెరట్లో ప్లమ్ చెట్టుకు కట్టేసి ఇంటికి పరుగు. ఇంకా అవలేదా అని లోపల్నుంచి తోడేలు అరుస్తూనే ఉంటుంది. వెంటపడి గుమ్మం దాకా వస్తుంది. అప్పటికే తలుపు పడింది.

ఈ కథ పెరో కన్నా పాతదని జానపద పరిశోధకుడు పాల్ దెలారూ వాదించాడు. అదే నిజమైతే ఈ మరమ్మతులకు శ్రీకారం చుట్టింది పెరోనే. రాజాస్థానం వాళ్లు ముక్కు చిట్లించే ఆ పెరటి యుక్తి తీసేసి, పిల్లను తోడేలు పాలు చేశాడు. అలాంటప్పుడు కార్టర్లనూ డొనహ్యూలనూ పాత కథల జోలికి పోవద్దనడానికి నేనెవర్ని? మరమ్మతు చెయ్యాల్సిందే. కత్తి ఇచ్చినా ఇవ్వకున్నా, తెలివీ కోరికా మాత్రం లాక్కోకూడదు.

మీ అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్పిన కథల్లో తనంతట తానే తప్పించుకున్న ఆడపిల్ల ఉంటే, వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. మొరటు మాటలున్నా దిద్దకండి.