గేటు దగ్గర ఆగిపోయిన కథ

నేను సాహిత్య విమర్శకుణ్ణి కాను. కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేసి, పదిహేడేళ్ళుగా మ్యూనిక్‌లో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పెడుతూ బతుకుతున్న కన్సల్టెంటుని. కాబట్టి ఈ వ్యాసంలో కాస్త వృత్తి వాసన తగిలితే మన్నించండి. పరీక్ష పెట్టినచోట ప్రోగ్రాము ఎప్పుడూ బాగానే నడుస్తుంది. ఎవరూ పరీక్షించని మూల ఎక్కడుందా అని వెతకడమే మా పని.

మన వలస కథల్లో అలాంటి మూల ఒకటి ఉందని నా ఫిర్యాదు. అది వృద్ధాశ్రమం లోపలి గది.

అదేమిటి, వృద్ధాశ్రమం మీద మనకి బోలెడు కథలున్నాయి కదా అంటారు. నిజమే. కొడుకు పరాయిదేశంలో ఉంటాడు. తండ్రినో తల్లినో ఆశ్రమంలో చేరుస్తారు. చేర్చే ముందు కోడలితో గొడవ, చేర్చిన రోజున గేటు దగ్గర వీడ్కోలు, చివర ఒక ఉత్తరమో ఫోనో. పాఠకుడు కళ్ళు తుడుచుకుంటాడు. కథంతా ఒకే ప్రశ్న మీద నిలబడుతుంది: పిల్లలు మంచివాళ్ళా, చెడ్డవాళ్ళా? ఆ గేటు మూసుకున్నాక ఆ పెద్దమనిషికి మంచినీళ్ళు ఎవరిచ్చారు, ఒంటికి పోవాలంటే ఎవరు తీసుకెళ్ళారు, రాత్రి మంచం మీద పక్కకు ఎవరు తిప్పారు అన్నది కథకి పట్టదు. రచయిత కూడా మనలాగే గేటు దగ్గరే కారు తిప్పుకుని విమానాశ్రయానికి వెళ్ళిపోతాడు.

ముసలితనం మీద మనం అందరికంటే ప్రేమించిన కథ శ్రీరమణ గారి 'మిథునం'. 2012లో తనికెళ్ళ భరణి సినిమాగా కూడా తీశారు. నాకూ ప్రాణమే. కానీ ఒక్కసారి తప్పులు పట్టేవాడి కళ్ళతో చూడండి. అప్పదాసు ఆరోగ్యంగా తిని తిరుగుతాడు, బుచ్చిలక్ష్మి వండి వడ్డిస్తుంది. మంచాన పడి చేయించుకోవలసిన అవసరం రాకముందే ఆయన వెళ్ళిపోతాడు. ఆయన తనకంటే ముందు పోవడమే మంచిదని ఆవిడ తృప్తిపడుతుంది. తరవాత ఆవిడ సంగతేమిటి? ఆవిడకి ఎనభై అయిదు వస్తే, తుంటి విరిగితే? కథ అక్కడిదాకా వెళ్ళదు. వెళ్ళనక్కరలేదు కూడా, అది వేరే కథ. ఆ వేరే కథని ఆ తరవాత మనలో ఎవరం రాయలేదన్నదే నా బాధ.

నేనూ చాలాకాలం గేటు బయటివాణ్ణే. లోపలికి వెళ్ళింది మా పక్కింటి జర్మన్ పెద్దావిడ వల్ల. మా పాపకి జర్మన్ అక్షరాలు దిద్దించిన మనిషి. తుంటి ఎముక విరిగాక ఆవిణ్ణి ఊరి శివార్లలో ఒక వృద్ధుల సంరక్షణ గృహంలో చేర్చారు. మేమిద్దరం నెలకోసారి ఆదివారం పూట పూలు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. గది శుభ్రంగా ఉండేది. బల్ల మీద గ్లాసునిండా నీళ్ళు ఎప్పుడూ ఉండేవి. ఎంత శ్రద్ధగా చూస్తున్నారో అని మా ఆవిడ మెచ్చుకునేది కూడా. ఆ పెద్దావిడ మాత్రం నెలనెలకీ సన్నబడుతూ, మాట తడబడుతూ ఉండేది. వయసు అనుకున్నాం. పళ్ళసెట్టు ఎప్పుడూ డబ్బాలోనే ఉండేది. నొప్పేమో అనుకున్నాం.

ఒకరోజు అక్కడ నర్సు శిక్షణలో ఉన్న కేరళ అమ్మాయి మమ్మల్ని మెట్ల దగ్గర ఆపి, చుట్టూ చూసి, మెల్లిగా అంది: "అంకుల్, ఆ గ్లాసు పొద్దున పెట్టింది. ఆవిడ చెయ్యి అంతదూరం అందదు."

నిండుగా ఉన్న గ్లాసుని నేను చదివిన పద్ధతే తప్పు. ఎవరూ తాగకపోతేనే కదా గ్లాసు నిండుగా ఉండేది! ముసలివాళ్ళకి దాహం తెలియడం తగ్గిపోతుంది, అడగరు. నాలుక ఎండిపోతుంది, మూత్రం ముదురు రంగుకి మారుతుంది, మాట తికమక పడుతుంది. చూసేవాళ్ళు దాన్ని మతిమరుపు అనుకుంటారు.

ఆ రోజు తరవాతే నేను మ్యూనిక్‌కే చెందిన క్లౌస్ ఫుసెక్ పుస్తకాలు చదివాను. ఆయన సోషల్ వర్కరు. దశాబ్దాల పాటు జర్మనీ నలుమూలల నుంచీ బంధువులూ నర్సులూ ఆయనకి వేల ఉత్తరాలు రాశారు. వాటి ఆధారంగా జర్నలిస్టు స్వెన్ లోర్ట్సర్‌తో కలిసి 2005లో 'ఆల్ట్ ఉంట్ అప్‌గెషోబెన్' రాశారు. ముసలివాళ్ళయ్యారు, పక్కకి నెట్టేశారు అని అర్థం. 2008లో గోట్లోబ్ షోబర్‌తో కలిసి సంరక్షణ వ్యాపారం మీద మరో పుస్తకం తెచ్చారు.

సాహిత్యంగా చూస్తే వీటిలో లోపాలున్నాయి. కోపం ఎక్కువ. ఉత్తరం మీద ఉత్తరం చదువుతూ పోతే పాఠకుడి మనసు మొద్దుబారుతుంది. మంచి గృహాలు, అక్కడ నడుం విరిగేలా పనిచేసే మనుషులు ఆ కోపంలో వెనక్కి పోతారు. కానీ మన కథలు చెయ్యని పని ఒకటి ఆయన చేశారు. లోపలికి వెళ్ళారు. "కన్నవాళ్ళని పంపించడం పాపమా" అనే ప్రశ్నని పక్కన పెట్టి, మంచాన పడ్డ మనిషికి రోజుకి కనీసం ఏమేమి దక్కాలో పట్టుబట్టి అడిగారు. నమిలి మింగగలిగే వేగంతో అన్నం, చాలినంత నీరు. కావలసినప్పుడల్లా మరుగుదొడ్డికి సాయం. రోజూ మంచం దింపడం, కోరితే ఆరుబయట గాలి. పోయే ఘడియలో చెయ్యి పట్టుకునే మనిషి. వీటితో పాటు, తన మాతృభాషలో మాట్లాడటానికి కనీసం ఒక్క ఉద్యోగి. ఆ చివరి మాట దగ్గర నేను పుస్తకం మూసేశాను. ఈ ఊళ్ళో నాకు ఎనభై వచ్చి, నేర్చుకున్న జర్మన్ మర్చిపోయి, "అమ్మా, దాహం" అంటే ఎవరికి అర్థమవుతుంది?

జర్మనీలో తనిఖీలు లేవా అంటే ఉన్నాయి. అక్కడే మా వృత్తికి పనికొచ్చే పాఠం కూడా ఉంది. 2009 నుంచి ఇక్కడ ప్రతి గృహానికీ బడిపిల్లలకి ఇచ్చినట్టు మార్కులిచ్చారు. ఒకటి అంటే అత్యుత్తమం, అయిదు అంటే అధమం. పదులకొద్దీ అంశాలు చూసి సగటు కట్టేవారు. పుండ్ల నివారణ ఒక అంశం. భోజనాల పట్టిక చదవడానికి వీలుగా ఉందా అనేది ఇంకో అంశం. పుండ్ల దగ్గర తప్పితే పట్టిక దగ్గర నెగ్గవచ్చు. చివరికి దేశం మొత్తం సగటు 1.2 దగ్గర తేలింది. అంటే దాదాపు అన్నీ అత్యుత్తమమే! తనిఖీదారులు చాలావరకు కాగితాలు చూసేవారు, కాగితాల మీద అందరూ నీళ్ళు తాగుతారు. ఆ పద్ధతిని 2019లో మార్చారు. సగటు లెక్క ఎంత అందంగా అబద్ధం చెబుతుందో చూపడానికి నేనిప్పటికీ కొత్త కుర్రాళ్ళకి ఇదే ఉదాహరణ చెబుతాను.

మ్యూనిక్‌కి దక్షిణంగా, ఆల్ప్స్ కొండల అంచున ష్లియర్‌జే అనే చక్కటి సరస్సు ఊరుంది. మన టూరిస్టులు ఫొటోలు దిగే చోటు. 2020లో కరోనా వచ్చి బంధువుల రాకపోకలు ఆగిపోయినప్పుడు, అక్కడి ఒక సంరక్షణ గృహానికి సాయంగా సైనికులని పంపారు. లోపలి స్థితి వాళ్ళు చూసి చెప్పారు. తరవాత ప్రాసిక్యూటర్లు 88 మందికి జరిగిన శారీరక హాని మీద, 17 మరణాల మీద దర్యాప్తు చేపట్టారు. 2021లో ఆ గృహం మూతపడింది. తప్పు ఎవరిదన్నది తేల్చేది కోర్టులు. నేను పట్టుకున్నది ఒక్క సంగతి: ఎన్ని తనిఖీలున్నా, లోపలికి వెళ్ళిన పరాయి కన్నుకి కనిపించింది కాగితాల్లో కనిపించలేదు. 2022లో బవేరియా ప్రభుత్వం ఇలాంటి ఫిర్యాదులకి ప్రత్యేకంగా ఒక ఫోన్ నంబరు పెట్టింది.

"మనవైపు ఇవన్నీ ఉండవండీ" అనేవాళ్ళకి ఒక్క మాట. 2020 జనవరిలోనే హైదరాబాద్ శివార్లలోని నాగారంలో ఒక ఆశ్రమం నుంచి రాచకొండ పోలీసులు 70 మందికి పైగా విడిపించారు. కొందరిని గొలుసులతో కట్టి ఉంచారని పత్రికల్లో వచ్చింది.

అంతదూరం ఎందుకు, మా పెద్దమ్మ సంగతే చెబుతాను. గుంటూరు జిల్లాలో ఒక ఆశ్రమంలో చేర్చాం. డబ్బు నేను పంపేవాణ్ణి. ప్రతి ఆదివారం వీడియోలో పది నిమిషాలు. తలదువ్వి, బొట్టుపెట్టి, కొత్త చీర కట్టి కూర్చోబెట్టేవారు. ఫోను ఎప్పుడూ ఆయా చేతిలో ఉండేది. పెద్దమ్మ ప్రతి మాటకీ ముందు ఫోను వెనక్కి ఒకసారి చూసేది. నేను గమనించాను, కానీ చదవలేదు. ఒక మంగళవారం మా తమ్ముడు చెప్పకుండా వెళ్ళాడు. నడుం కింద పుండు. అరచేయంత. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"ఎందుకు చెప్పలేదే?" అని అడిగాను తరవాత.

"నువ్వు అంతదూరాన ఉన్నావు నాయనా. చెబితే నీకు నిద్ర ఉండదు, నాకు వీళ్ళ దగ్గర అన్నం ఉండదు" అంది.

పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. మా తమ్ముడి ఇంట్లో ఇంకో రెండేళ్ళు బతికింది. పుస్తకాల్లో పుండు మొదట ఎర్రగా కనిపిస్తుందని రాస్తారు. మన ఒంటి రంగు మీద ఎరుపు తెలియదు. నల్లబడటం, వేడి, గట్టిదనం చూడాలి. మడమలు, తుంటి, నడుం కింది ఎముక, ఈ మూడు చోట్లా. గంటల తరబడి ఒకే వైపు పడుకోబెడితే రక్తం ఆడక వస్తుంది. బరువు కూడా అడగండి. 50 కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గితే వయసు అని వదిలెయ్యకూడదు. మణికట్టు మీద గీతలున్నాయా? పట్టపగలు మత్తుగా ఉంటే ఏ మందు, ఎవరు రాశారు? కళ్ళజోడు, పళ్ళసెట్టు, చెవి మిషను ఒంటి మీద ఉన్నాయా, డబ్బాలో ఉన్నాయా? ఒక మనిషి గదిలోకి రాగానే మాట ఆగిపోతోందా? దెబ్బ గురించి ఇద్దరు రెండు రకాలుగా చెబుతున్నారా?

ఒక్క గుర్తుని పట్టుకుని ఎవరినీ దొంగని చెయ్యకండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి చిన్న తాకిడికే చర్మం కములుతుంది. రాత్రంతా పాతికమందికి ఒక్క ఆయా ఉంటే ఆవిడ రాక్షసి కానక్కరలేదు, పుండు వచ్చి తీరుతుంది. గుర్తులు రెండు మూడు కలిసినా, మళ్ళీమళ్ళీ వచ్చినా, తేదీ వేసి రాసుకోండి, ఫొటో తియ్యండి, బయటి డాక్టరుకి చూపించండి. మనదేశంలో వృద్ధులకి 14567 సహాయ నంబరు ఉంది. 2007 చట్టం కూడా ఉంది, కానీ పిల్లలు చూడకపోతే ఏం చెయ్యాలన్నదే దాని ముఖ్య విషయం. మన కథలకీ ఆ చట్టానికీ ఒకటే ప్రశ్న!

ఇక్కడ గార్మిష్-పార్టెన్‌కిర్షెన్‌లో 2007లో ఒక జడ్జి, సంరక్షణ అధికారి కలిసి ఒక పద్ధతి మొదలుపెట్టారు. మతి సరిగా లేని పెద్దవాళ్ళని బెల్టుతో మంచానికి కట్టెయ్యాలంటే కోర్టు అనుమతి కావాలి. వాళ్ళు ఆ అర్జీ మీద సంతకం పెట్టేముందు, సంరక్షణ తెలిసిన మనిషిని లోపలికి పంపి, కట్టకుండా చూసే దారి ఏమైనా ఉందా అని అడగడం మొదలుపెట్టారు. మంచం ఎత్తు తగ్గించడం, కింద పరుపు వెయ్యడం లాంటివి. "పడిపోతారండీ" అన్న మాట దగ్గర ఆగకుండా లోపలికి వెళ్ళి చూడటం, అంతే.

మన రచయితల్ని నేను అడిగేది కూడా అంతే. ఆ కన్నీటి ఉత్తరం ఇంక చాలు. ఆయా కథ రాయండి, రాత్రి రెండింటికి ఆవిడ ఎవరిని ముందు తిప్పుతుందో రాయండి. నోరు విప్పితే అన్నం పోతుందని నవ్వే పెద్దమ్మ కథ రాయండి. ఆ కేరళ అమ్మాయి మెట్ల దగ్గర మాకు ఆ మాట చెప్పడానికి ఎన్ని రోజులు తటపటాయించిందో రాయండి. అలాంటి కథ ఒక్కటి ముందే చదివి ఉంటే, బల్ల మీద గ్లాసుని చూసి నేను మురిసిపోయేవాణ్ణి కాదు. తీసి ఆవిడ నోటికి అందించేవాణ్ణి.