ఒక్క బైట్‌లో ఊరి పేరు

అచ్చంపేట దాటి ఉమామహేశ్వరం గుట్టల దిక్కు పోతుంటే బుడ్డల చేలల్లో బోరు పక్కన రేకు డబ్బాలు కనిపిస్తాయి. డబ్బాలో స్టార్టర్, దానికి అతుక్కొని సిమ్ కార్డు వేసిన చిన్న బోర్డు. ఇంటి నుంచి ఫోన్ కొడితే మోటరు నడుస్తుంది. నిరుడు ఒక రాత్రి మా మోటరు ఎవరూ చెప్పకుండానే మొదలై, నీళ్లు అడుగంటిన బోరులో తెల్లార్లూ తిరిగి వైండింగ్ కాల్చుకుంది.

"ఏదో రాంగ్ నంబర్ వచ్చింది సారూ, దానికే ఆన్ అయింది" అన్నాడు మెకానిక్. బోర్డు చూపించిన చివరి నంబరు నాది కాదు. ఇద్దరం కూర్చొని అంకెలు కూడాం. 52 వచ్చింది. నా నంబరు అంకెలు కూడినా 52. మెకానిక్ మేనల్లుడి నంబరు మొత్తమూ అంతే. వాడి ఫోన్‌తో కొడితే మోటరు బుద్ధిగా లేచింది! ఆ బోర్డు చేసినవాడు నంబరు దాచలేదు, అంకెల మొత్తం దాచాడు. పది అంకెలు కూడితే సున్నా నుంచి 90 దాకా 91 జవాబులే వస్తాయి. కోట్ల ఫోన్లను 91 కుండల్లో పోశాడన్న మాట. వెయ్యి బైట్ల మెమొరీలో చోటు చాలలేదట. పది అంకెలు ముడిచి పెడితే ఐదు బైట్లు చాలు. రెండొందల నంబర్లు హాయిగా పడతాయి. హ్యాషే అక్కర్లేని చోట చచ్చు హ్యాష్ పెట్టిన ఘనుడు!

హ్యాషింగ్ అంటే పొడుగు మాటను ఒక చిన్న అంకెగా మార్చడం. ఆ అంకె చెప్పిన అరలోకి నేరుగా వెళ్లి వస్తువు తీసుకోవచ్చు. 1953లో ఐబీఎంలో లూన్ అనే ఆయన మొదలుపెట్టాడంటారు. నన్నడిగితే అక్షరాలకు అంకెలు కట్టే మన కటపయాది కూడా ఆ బాపతే. రాగం పేరు ధీరశంకరాభరణంలో ధ తొమ్మిది, ర రెండు. తిరగేస్తే 29, అదే మేళకర్త సంఖ్య. మేచకల్యాణిలో మ ఐదు, చ ఆరు, తిరగేస్తే 65. 72 మేళాలకు 72 అంకెలు, ఎక్కడా రెండు పేర్లు ఒకే అరలో పడవు. పడకుండా ఉండేందుకు కల్యాణికి ముందు 'మేచ' తగిలించారు చూశారా, అదీ పనితనం! చక్రవాకం లాంటి చోట్ల మాత్రం కొంచెం సర్దుకున్నారు. క్రలో ర బదులు క పట్టుకుంటేనే 16 వస్తుంది.

ఇక చిప్పు సంగతి. హాబీ బోర్డుల్లో అందరికీ తెలిసిన ఏటీమెగా328ను తీసుకోండి. ర్యామ్ 2 కిలోబైట్లు, బైట్ వెడల్పు రిజిస్టర్లు 32. భాగహారం చేసే ఆదేశమే లేదు. ఒక ఆదేశానికి ఒక బైట్‌ను ఒక్క బిట్టే జరపగలదు. 33తో గుణించే బర్న్‌స్టీన్ పద్ధతి పెద్ద కంప్యూటర్ మీద చిటికె. ఇక్కడ ఐదు బిట్లు జరపాలంటే నాలుగు బైట్లకు ఇరవై ఆదేశాలు, ఆపైన కూడిక. పెద్దింటి కోడలిని తెచ్చి ఒంటిగది ఇంట్లో పెట్టినట్టు.

ఎఫ్ఎన్‌వీ వాళ్ల చెయ్యి చూడండి. ఫౌలర్, వో ఇద్దరూ 1991లో ఆలోచన చెప్పగా నోల్ మెరుగు పెట్టాడు. గుణించే సంఖ్య 1,67,77,619. భయపెడుతుంది గానీ, విప్పి చూస్తే 1,67,77,216 ఒకటి, 256 ఒకటి, 147 ఒకటి. మొదటిది బైట్‌ను మూడు గదులు జరపడం, రెండోది ఒక గది జరపడం. ఎనిమిది బిట్ల చిప్పుకు ఆ రెండూ దాదాపు ఉత్తపుణ్యం. నిజంగా గుణించాల్సింది 147 ఒక్కటే. సిప్‌హ్యాష్ అనే ఇంకో పద్ధతిలోనూ (ఆమసన్, బర్న్‌స్టీన్, 2012) బిట్లు తిప్పే కొలతలు 13, 16, 17, 21, 32. అన్నీ ఎనిమిది గుణిజాలకు మూడు బిట్ల లోపలే!

అయినా నేను పియర్సన్ పక్షం. దాచుకోను. 1990లో ఆయన చెప్పింది ఇంతే: 0 నుంచి 255 దాకా అంకెలను కలగాపులగంగా పేర్చిన పట్టిక ఒకటి. చేతిలో ఉన్న అంకెను, వచ్చిన బైట్‌ను ఎక్సార్ చేసి (బిట్‌కు బిట్ తేడా చూసి) పట్టికలో ఆ గడి చూడు. అందులో ఉన్నదే కొత్త అంకె. గుణకారం లేదు, జరపడం లేదు. బైట్‌కు పది క్లాక్ సైకిళ్లకు అటూఇటూ. 'రాజు', 'జారు' రెండూ అవే అక్షరాలూ గుర్తులూ కాబట్టి కూడిక వాటిని ఒకే కుండలో వేస్తుంది. పియర్సన్ వరస పట్టించుకుంటాడు.

తెలుగుకు ఇంకో కిటుకు ఉంది. 'అచ్చంపేట' యూటీఎఫ్-8లో 24 బైట్లు. ప్రతి గుర్తుకూ మొదటి బైట్ 224, రెండోది 176 లేదా 177. మిగతా మార్పంతా మూడో బైట్‌లోనే. మన లిపి మొత్తం 128 స్థానాల్లో ఇమిడింది కనుక గుర్తుకు ఏడు బిట్లు చాలు. ఎనిమిది బైట్లు తిప్పితే ఊరి పేరు ఒక్క బైట్‌లో తేలుతుంది. ఇంగ్లిష్ కోసం రాసిన కోడ్‌ను దించి తెలుగు మెనూ అంటించేవాళ్లకు ఈ మూడింతల దండగ కనిపించదు.

కనిపించినా వాళ్లకేం పోయింది? పెద్ద లైబ్రరీ దించడం, 2004లోనే బండారం బయటపడ్డ ఎండీ5ను పెట్టి 'సెక్యూర్' అని డబ్బా మీద అచ్చేయడం. మెసేజ్‌తో మోటరు నడవాలంటే పియర్సన్ కూడా చాలడు, ఆ మాట నేనే చెప్తున్నాను. రహస్య తాళం కలిపే సిప్‌హ్యాష్ లాంటిది కావాలి. చిన్న చిప్పుల కోసమని అమెరికా ప్రమాణాల సంస్థ 2023లో ఆస్కాన్ అనే పద్ధతిని ఎంచుకుంది. దాని ఒంటికి 40 బైట్లు కావాలి. మన చిప్పుకు రిజిస్టర్లే 32, కాబట్టి ర్యామ్‌కూ రిజిస్టర్లకూ మధ్య తిరగక తప్పదు. ఇరికించినవాళ్లకు దండం పెడతాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో గణాంకవేత్త సి.ఆర్. రావు పేరిట క్రిప్టాలజీ చేసే సంస్థ ఉంది. ఆ విద్య పాలమూరు డిప్లొమా పిల్లల చేతికి రావద్దా? ఇక్కడి చేలకు ఇక్కడివాళ్లు రాయకపోతే ఎవరు రాస్తారు?

మేం మాత్రం మొదలుపెట్టాం. పియర్సన్ పట్టిక సొంతంగా చేద్దామని మెకానిక్ మేనల్లుడూ నేనూ 256 చీటీలు రాసి, బుడ్డలు పోసే బుట్టలో వేసి కలిపి ఒక్కొక్కటే తీశాం. కోడ్ ఎక్కించాక రెండు వేర్వేరు పేర్లు పదేపదే ఒకే అరలో పడుతున్నాయి. పట్టిక అంతా వెతికితే 99 రెండుసార్లు ఉంది, 66 లేదు. చీటీ తలకిందులుగా పట్టుకున్నాడు వాడు. ఇప్పుడు 6, 9 ఉన్న ప్రతి చీటీ అడుగునా గీత గీసి, బుట్ట మళ్లీ కలుపుతున్నాం.