దోబిన్యీ తోటలో నల్లపిల్లి

ఆయిల్ రంగుల్లో తోట వేయబోతే నన్ను అన్నిటికన్నా తిప్పలు పెట్టేది ఆకుపచ్చ. ట్యూబులోని శాప్ గ్రీన్‌ను ఉన్నదున్నట్టు పులిమామా, తోట కాస్తా పెళ్లిపందిట్లో పరిచిన తివాచీ అయిపోతుంది. అందుకే వాన్ గో వేసిన ‘దోబిన్యీ తోట’ బొమ్మల అచ్చులు ముందేసుకుని కూర్చుంటుంటాను.

1890 మేలో ఆయన పారిస్‌కు ఉత్తరాన ఉన్న ఓవేర్ అనే ఊరికి చేరాడు. తను అభిమానించే చిత్రకారుడు దోబిన్యీ ఇల్లు అక్కడే. ఆయన పోయి అప్పటికి 12 ఏళ్లు. ఇంట్లో భార్య ఉంది. వాన్ గో ఆ తోటను మొదట చిన్నగా వేసుకున్నాడు. చేతిలో కాన్వాస్ లేదు. ఎర్రచారల తువ్వాలొకటి తీసుకుని, దానికి గులాబీరంగు పూత పూసి మొదలుపెట్టాడు. కిటుకంతా ఆ పూతలోనే ఉంది. పచ్చగీతకూ పచ్చగీతకూ మధ్య కాస్త సందు వదిలితే అడుగునున్న గులాబీ తొంగిచూస్తుంది, పచ్చదనానికి ప్రాణమొస్తుంది. నేనూ తెల్ల కాన్వాస్ మీద నేరుగా తోట వేయను. ఇటుకరంగును టర్పెంటైన్‌లో పల్చగా కలిపి పూసి, అది ఆరాకే పచ్చ జోలికి వెళ్తాను.

తర్వాత అదే తోటను వెడల్పాటి కాన్వాసుల మీద రెండుసార్లు వేశాడు. నడిమధ్య గులాబీల మడి, వెనక నీలి పెంకుల ఇల్లు, బెంచీ, కుర్చీలు, పసుపు టోపీ మనిషి. ఆకాశం కూడా లేత పచ్చే! జూలై 23న తమ్ముడు థియోకు రాసిన ఉత్తరంలో ఇవన్నీ రంగులతో సహా వరసపెట్టి చెప్పి, బొమ్మ గీసి మరీ పంపాడు. ఆరు రోజులకు చనిపోయాడు. అందుకని ఈ తోటలో చావునీడలు వెతికేవాళ్లతో నాకు పేచీ. ఆ ఉత్తరంలో నాకు కనిపించేది పనిలో మునిగిన మనిషి.

ఆ వరసలోనే, ముందున్న గడ్డిలో ఓ నల్లపిల్లి. బాసెల్‌లో ఉన్న బొమ్మలో అది ఇప్పటికీ ఉంది. హిరోషిమా మ్యూజియం బొమ్మలో లేదు. వాన్ గో పోయాక ఎవరో దానిమీద రంగు పూసేశారు. షుఫెనెకెర్ అనే చిత్రకారుడి పనేనని అనుమానం. పిల్లి ఉంటే తోట ప్రశాంతత చెడుతుందనుకున్నారో ఏమో! నిజానికి ఈ తోటలో ఏ గీతా కుదురుగా ఉండదు. ఆకులు సుళ్లు తిరుగుతాయి, పొదలు పొంగుతాయి. ఇంత సందడిలో కన్ను ఆనుకోవడానికి ఒక్క ముదురు మచ్చ కావాలి. పైగా అలికిడి లేని పెరట్లోనేగా పిల్లి అంత తీరిగ్గా నడిచేది! పిల్లి లేని బొమ్మలో నా చూపు గడ్డి మీద నిలవదు, జారుకుంటూ నేరుగా ఇంటి గోడ దాకా పోతుంది.