ముందు నడిచేవాడి వెనుక

పొద్దు పొడవకముందే మన్ననూరు దాటి, బండి దిగి నడక మొదలుపెట్టాం. నాకు నల్లమల చూపించడానికి ఒప్పుకున్న చెంచు పెద్దాయన అరగంటలో మూడుసార్లు ఆగాడు. ఎందుకు ఆగాడో మూడుసార్లూ నాకు అంతుపట్టలేదు. నాలుగోసారి దారి పక్కన మెత్తటి దుమ్ములో కర్రతో గుండ్రంగా గీత గీశాడు. అప్పుడు కనబడింది అడుగు.

"గోర్లు గుచ్చుకున్నయా సూడు సారూ."

"లేవు తాతా."

"మరి రేసుకుక్క గాదు, దుమ్ములగొండి గాదు."

పులి నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటుంది. చిరుతా అంతే, కానీ దాని అడుగు చాలా చిన్నది. మగపులి వెనుక అడుగు ఇంచుమించు చదరంగా, వేళ్లు గుండ్రంగా ఉంటాయి. ఆడపులిది కొంచెం పొడవు, వేళ్లు సన్నం. ఇదంతా పుస్తకాల్లో ఉంది, నేను చదువుకునే వెళ్లాను. అడుగు ఎప్పటిదో చెప్పడం మాత్రం పుస్తకంతో రాదు. అంచు ఇంకా నిలిచి ఉందా, రాలిందా? చెట్టు మీది మంచు బొట్లు అడుగులోనూ గుంటలు చేశాయా, బయటి దుమ్ములోనే ఉన్నాయా? అడుగును తొక్కుతూ చీమల బారు పోయిందా? పెద్దాయన ఈ మూడూ ఒక్క చూపులో చూసి, తెల్లవారుజామున పోయిందన్నాడు.

చూపు తర్వాత చెవి. చెట్టు కొమ్మన కూర్చున్న కొండముచ్చుకు పులి దూరం నుంచే కనబడుతుంది, దగ్గినట్టు అరుస్తుంది. దుప్పి తొందరపడి దేనికైనా అరవొచ్చు. కణితి ఊరికే అరవదు, అదే పనిగా అరుస్తుంటే పులి దగ్గర్లో ఉందని చెంచులు నమ్ముతారు. ఒక్క అరుపును కాదు, ఆ అరుపు ఎటు కదులుతోందో వినాలి. ఎందుకంటే పులి ఎటు నడుస్తోందో చెప్పేది అదే. ఇక ముక్కు. పులి తన హద్దు తెలపడానికి చెట్ల మీద చిమ్మే ద్రవం బాస్మతి అన్నంలా వాసన కొడుతుంది. రెంటిలోనూ ఆ వాసననిచ్చే పదార్థం ఒకటేనని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ చెట్టు దగ్గర వంగి వాసన చూసినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

దేశంలో పులుల లెక్క చాలాకాలం అడుగుజాడలతోనే సాగింది. ఒకే పులిని రెండుసార్లు లెక్కించే ప్రమాదం ఉందని ఆ పద్ధతిని పక్కన పెట్టి, 2006 నుంచి కెమెరాల మీద, గణాంకాల మీద ఆధారపడ్డారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కనుక ఇది మేలైన పద్ధతే. అయితే కెమెరా ఎక్కడ కట్టాలి? పులి రోజూ వాడే బాట ఏది, వేసవిలో నీరు మిగిలే చెలమ ఏది? ఆ జవాబు ఇప్పటికీ ఆ దారుల్లో నడిచిన కాళ్ల దగ్గరే ఉంది. అందుకే అటవీశాఖ తన బేస్ క్యాంపుల్లో చెంచు యువకులను కాపలాదారులుగా పెట్టుకుంది.

నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఉత్తరభాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. కృష్ణకు అటూ ఇటూ ఉన్న పెంటల్లో, అంటే తమ గూడేల్లో, చెంచులు పులులతో పాటే బతుకుతూ వచ్చారు. అహోబిల నరసింహుణ్ణి వాళ్లు తమ ఇంటి అల్లుడిగా చెప్పుకుంటారు. కొండచరియన తేనె తీయడానికి మగవాడు తాడు పట్టుకుని దిగితే పైన ఆ తాడు పట్టేది బావమరిది అంటారు, అక్క పసుపు కుంకుమలు అతని చేతిలో ఉన్నట్టే కదా. ఇలా బతికినవాళ్లను అడవికి పరాయివాళ్లుగా లెక్కగట్టి, పులి పేరు చెప్పి పెంటలు ఖాళీ చేయమంటే నా మనసు ఒప్పుకోదు. పెంట ఖాళీ అయితే అడవి ఒక జత కళ్లను కాదు, వందల కళ్లను పోగొట్టుకుంటుంది. వన్యప్రాణి సంరక్షణ చదివే పిల్లలను కనీసం ఒక వేసవి, ఒక వానాకాలం చెంచు గురువు వెనుక నడిపించాలి. ఆ గురువుకు దినకూలీ కాదు, గురువుకివ్వాల్సిన జీతమివ్వాలి.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దాయన గీత గీసిన చోటే ఆగాడు. ఆకుల కొమ్మ ఒకటి విరిచి, ఆ అడుగుతో సహా దుమ్మునంతా నునుపుగా ఊడ్చేశాడు. ఎందుకని అడిగాను.

"రేపు మళ్ల వస్తది గద సారూ. కొత్తది తెల్వాలె."