వంటింటి గోడకు పూచీ ఎవరిది?

సొంత ఇంట్లో వంటగది మార్చుకోవడానికి మునిసిపాలిటీ అనుమతి ఎందుకండీ అని విజయవాడలో ఎవరైనా అడుగుతారు. ప్లాను, సెట్‌బ్యాకులు, అంతస్తులు, ఇవన్నీ ఇల్లు కట్టేటప్పటి తలనొప్పులనీ, గృహప్రవేశం అయ్యాక లోపల ఏం చేసుకున్నా మన ఇష్టమనీ జనం లెక్క. ఈ లెక్క సగం నిజం. టైల్స్ మార్చడానికి, గట్టు మీద కొత్త చీమకుర్తి గ్రానైట్ పరచడానికి, అల్మరాలు బిగించడానికి ఎవరి గడపా తొక్కనక్కర్లేదు. చిక్కంతా తక్కిన సగంలో ఉంది. ఇవాళ వంటిల్లు మార్చడమంటే గోడ, నీళ్లు, కరెంటు, గ్యాస్ నాలుగూ ఒకేసారి కదలడం. ఇంట్లో మరే గదిలోనూ ఈ నాలుగూ ఇలా ఒకచోట చేరవు. దేని చట్టం దానికి ఉంది, దేని శాఖ దానికి ఉంది. నాలుగింటినీ కలిపి చూసేవారే ప్రభుత్వంలో ఎక్కడా లేరు. అందుకని పూచీ మొత్తం, తెలిసినా తెలియకపోయినా, ఇంటివారి నెత్తినే పడుతోంది. అడిగేవాళ్లు లేరు కనుక నియమాలూ లేవనుకోవడం మానేసి, ఆ పూచీని పనికి ముందే కాగితం మీద పెట్టడం మనం అలవాటు చేసుకోవాలనీ, కార్పొరేషన్ అందుకో చిన్న దారి తెరవాలనీ నా వాదన.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. విజయవాడ 1888లో మునిసిపాలిటీ అయింది, 1981లో కార్పొరేషన్ అయింది. కట్టడాల విషయంలో ఇక్కడ నడిచేవి మూలంలో 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టపు సెక్షన్లే. కొత్తగా కట్టేవారు 428 కింద నోటీసు ఇవ్వాలి. ఉన్న కట్టడంలో చేర్పులకూ మార్పులకూ 433 ఉంది. బయటి గోడనో, పక్కింటితో ఉమ్మడి గోడనో, పైకప్పును మోసే గోడనో తీసేసినా, మార్చినా ముందుగా కమిషనర్‌కు తెలియజేయాలన్నది దీని సారం. వీటి మీద 2017లో 119వ జీవోగా వచ్చిన రాష్ట్ర భవన నిబంధనలు ఉన్నాయి. నగరం దాటి కంకిపాడు, ఉయ్యూరు వైపు వెళితే సీఆర్‌డీఏ, పంచాయతీల పరిధి వస్తుంది కానీ, మోసే గోడకు ఉన్న బరువు అక్కడేమీ తగ్గదు. ఇక 2016 నాటి జాతీయ భవన నియమావళి అనుమతి అక్కర్లేని పనుల జాబితా ఒకటి ఇచ్చింది. సున్నం, రంగులు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, టైల్స్, ఫాల్స్ సీలింగ్, అడ్డు గోడలు, చివరికి కిటికీ, తలుపు తెరవడం మూయడం కూడా అందులో ఉన్నాయి. ఈ జాబితా పట్టుకుని చాలామంది గుండె మీద చెయ్యేసుకుంటారు. కానీ దాని తలమీదే ఒక షరతు కూర్చుంది: ఆ మార్పు గదికి ఉండాల్సిన కనీస లక్షణాలకూ, కట్టడం బలానికీ, అగ్ని భద్రతకూ భంగం కలిగించకూడదు. కలిగిస్తే మినహాయింపు చెల్లదు.

వంటింటి కిటికీ విషయంలో ఈ షరతు ఎలా పనిచేస్తుందో చూడండి. అదే నియమావళి ప్రకారం వంటగదికి ఖాళీ జాగాలోకి తెరుచుకునే కిటికీ కనీసం ఒక చదరపు మీటరు ఉండాలి. మాడ్యులర్ కిచెన్ మోజులో మొదట బలయ్యేది అదే. అది మూసేస్తే రెండు అల్మరాలకు చోటు దొరుకుతుంది, పొగకు చిమ్నీ ఉందిగా అంటారు. పైగా చిమ్నీ బయటికి గొట్టం లేకుండా కార్బన్ ఫిల్టరుతో గాలిని మళ్లీ గదిలోకే వదిలే రకం అయితే, వేడీ తేమా ఎక్కడికీ పోవు. కృష్ణా కాలువల మధ్య బతికే ఊళ్లో మే నెలలో అది ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? కిటికీ మూయడం జాబితాలో ఉన్న పనే, కానీ వంటగది కిటికీ మూస్తే మినహాయింపు ఉండదు. ఈ తేడా ఇంటివారికి చెప్పే మేస్త్రి అరుదు. చెప్పడం అతని పని అని మనమూ ఎప్పుడూ అనుకోలేదు.

కిటికీ కంటే గోడ పెద్ద సంగతి. మన వైపు వంటిళ్లు పగలడానికి సగం కారణం ఆగ్నేయం. వాస్తు నమ్మాలా వద్దా అన్న చర్చలోకి నేను వెళ్లను, అది ఎవరి ఇష్టం వాళ్లది. అయితే దిక్కు మార్చాలంటే గోడ పగలాలి, ఏ గోడ పగులుతోందన్న లెక్క వాస్తు చెప్పేవారి దగ్గర దొరకదు. వన్‌టౌన్, సత్యనారాయణపురం లాంటి పాత పేటల్లో పిల్లర్లు లేకుండా తొమ్మిది అంగుళాల గోడల మీదే స్లాబు మోయించిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. అక్కడ గోడ తీయడమంటే స్తంభం తీయడమే. పిల్లర్లూ బీములూ ఉన్న అపార్టుమెంట్లలో నాలుగున్నర అంగుళాల గోడ తీస్తే సాధారణంగా ప్రమాదం లేదు. సాధారణంగా అన్న మాటను ఖాయం చేయాల్సింది ఇంజనీరు గానీ సుత్తి పట్టినవాడు కాదు. డెల్టా నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే నేల, దాని మీది గోడల్లో పగుళ్లు కొత్తేం కాదు. పైగా విజయవాడను భూకంపాల పటం చాలాకాలంగా మూడో జోన్‌లో చూపిస్తోంది. ఇన్ని ఉన్నచోట గోడ గురించి ఒక్క సంతకం కూడా లేకుండా పని మొదలవుతోంది.

అపార్టుమెంటులో మరో మెలిక ఉంది. స్తంభాలు, బీములు, స్లాబు, ప్రధాన గోడలు ఒక్కరి ఆస్తి కావు, అందరివీ. ఫ్లాటు రిజిస్ట్రేషన్ కాగితంలో మనకు వచ్చేది విడదీయని వాటా. వంటిల్లు పాత చోటు నుంచి కదిలితే సింకు నీళ్ల గొట్టం కూడా కదులుతుంది. అది వాలుగా పాత షాఫ్టుకు చేరాలి, వాలు చాలకపోతే నిలిచి నెమ్ము పడుతుంది. మన ఆగ్నేయం కింది ఇంటివారి దేవుడి గది నెత్తిన పడవచ్చు, కారేది అక్కడికే. రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలో కట్టడంలో లోపం బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలి. ఆ ఐదేళ్లలోపే మనం గోడ పగలగొట్టుకుంటే, ఆ తర్వాత వచ్చే ప్రతి పగులుకూ బిల్డరుకు తయారుగా ఒక సాకు దొరికినట్టే.

విచిత్రమేమంటే, కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలన్న నియమం మన దగ్గర లేదనుకుంటాం కానీ, వంటింట్లో ఒక పనికి అది ఎప్పటినుంచో ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి లాంటివి ఉన్నదున్నట్టు మార్చడం తప్ప, వైరింగులో ఏ చేర్పు చేయాలన్నా, ఏ మార్పు చేయాలన్నా రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేయాలి, పర్మిట్ ఉన్న మనిషే వైరు ముట్టాలి. ఎందరు అడిగారు? ఇండక్షన్ పొయ్యి ఒక్కటే 2,000 వాట్లు లాగుతుంది. పక్కన మైక్రోవేవు, ఆర్వో, మిక్సీ, చిమ్నీ చేరతాయి. ఒక ట్యూబులైటూ మిక్సీ ప్లగ్గూ లెక్కవేసి ఎప్పుడో లాగిన సన్న వైరు మీద ఇదంతా పెట్టి, పైన ఖరీదైన టైల్స్ అతికించేస్తున్నాం. సీపీడీసీఎల్ దగ్గర మంజూరైన లోడు ఎంతో కరెంటు బిల్లు మీదే ఉంటుంది, దాన్ని చూసుకోవడానికి నిమిషం పట్టదు.

గ్యాస్ సంగతి క్లుప్తంగా. సిలిండర్లోని గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలమీద పరుచుకుంటుంది. కాబట్టి సిలిండరు పెట్టే అల్మరాకు అడుగున గాలి రంధ్రాలు ఉండాలి. రబ్బరు గొట్టం మీటరున్నర మించకూడదు, గోడలోంచి దూర్చకూడదు. నగరంలో భాగ్యనగర్ గ్యాస్ పైపులైను తీసుకున్న ఇళ్లలో వచ్చేది గాలికంటే తేలికైన గ్యాస్. అక్కడ పైభాగాన దారి ఉండాలి. పైపు జరపాలన్నా కంపెనీవారే జరపాలి. అందానికని ఆ పైపును అల్మరా వెనక దాచేయమని అడిగేవారు ముందు ఆ కంపెనీకి ఫోను చేయడం మంచిది.

ఇక మేస్త్రి. ఇంటి లోపలి పనులు చేసే తాపీ మేస్త్రికి గానీ ఇంటీరియర్ కాంట్రాక్టరుకు గానీ మన రాష్ట్రంలో లైసెన్సు పద్ధతి లేదు. మనవాళ్లు చాలామంది ఉన్న కాలిఫోర్నియాలో వెయ్యి డాలర్లు దాటిన పనికి రాష్ట్ర బోర్డు లైసెన్సు తప్పనిసరి. 2024 దాకా ఆ హద్దు 500 డాలర్లే. ఇంటి మార్పుల పనికి అడ్వాన్సు మొత్తంలో పదో వంతు లేదా వెయ్యి డాలర్లు, ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోవడం అక్కడ నేరం. మన ఊళ్లో మొదటిరోజే సగం చేతిలో పెట్టి, మిగతా సగం ఫోన్ల వెంట తిరుగుతూ ఇస్తాం. ఆ లైసెన్సు బోర్డును ఇక్కడికి మోసుకురమ్మని నేను అనను. తాత దగ్గరో తండ్రి దగ్గరో పని నేర్చుకుని ఏ సర్టిఫికెట్టూ లేకుండా నిలువు తప్పని గోడ కట్టే మేస్త్రులు మనకున్నారు, పరీక్ష పెట్టి వారిని వీధిన పడేయడం అన్యాయం. కానీ పనిని దశలుగా విడగొట్టి, దశ పూర్తయ్యాకే డబ్బిస్తానని రాసుకోకుండా ఏ చట్టమూ మనల్ని ఆపడం లేదు.

కాగితం మీద రాసుకున్నది ఎక్కడ చెల్లుతుందని అడగవచ్చు. గృహనిర్మాణాన్ని వినియోగదారుల చట్టం 1993 సవరణ నుంచే సేవగా గుర్తించింది, 2019 చట్టమూ అలాగే ఉంచింది. చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా ఉన్న తగాదాలను జిల్లా కమిషన్ వింటుంది, ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. దాదాపు ప్రతి వంటింటి పనీ ఈ హద్దుల్లోనే ఉంటుంది. అడ్డొచ్చేది రుజువు. పద్దెనిమిది శాతం జీఎస్టీ మిగులుతుందని బిల్లు లేకుండా నోటిమాట మీద పని చేయించుకుంటే, కమిషన్ ముందు పెట్టడానికి వాట్సాప్ ఫొటోలు తప్ప ఏమీ ఉండవు. నాసిరకం పని మీద ఫిర్యాదు చేసే హక్కును ఆ పద్దెనిమిది శాతానికి అమ్ముకున్నట్టు.

అనుమతులన్నీ వచ్చినా నాణ్యత వస్తుందా అన్నది బలమైన అభ్యంతరమే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. కింది అంతస్తు మునిగిన కుటుంబానికి ప్రభుత్వం 25,000, పై అంతస్తుల వారికి 10,000 రూపాయలు ఇచ్చింది. నానిన పార్టికల్ బోర్డు అటుకుల్లా ఉబ్బిపోతుంది, ఆరబెట్టినా మళ్లీ నిలబడదు. 72 గంటలు ఉడకబెట్టినా పొరలు విడిపోకూడదన్న పరీక్షకు నిలిచే ఐఎస్ 710 ప్లైవుడ్ వేరు, మామూలు తేమకు తట్టుకునే రకం వేరు. ప్లగ్గులు నేలకు జానెడు ఎత్తులో పెట్టాలా, గట్టు పైన పెట్టాలా అన్నదీ వరద ఊళ్లో చిన్న ప్రశ్న కాదు. వీటిలో ఒక్కటి కూడా కార్పొరేషన్ ప్లాను కాగితంలోకి రాదు. నిజమే. ఒప్పందం కాగితం అవసరమన్నది అందుకే. ప్రభుత్వం చూడలేనిది అక్కడ పేరు పెట్టి రాసుకోవచ్చు: ఏ గ్రేడు, ఏ మందం, ఏ ఎత్తు.

ఇంకో అభ్యంతరం మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. అనుమతి అంటే లంచానికి మరో కిటికీ అని జనం భయం, ఆ భయం గాల్లోంచి పుట్టింది కాదు. అయితే ఇప్పుడేం జరుగుతోంది? పక్కింటివారు ఫిర్యాదు చేస్తే ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు. అప్పటికి గోడ పడిపోయి ఉంటుంది, చేతిలో ఏ కాగితమూ ఉండదు, బేరం ఎటు మొగ్గుతుందో ఊహించుకోండి. ముందే తెలియజేసి, రసీదు దగ్గర పెట్టుకున్న మనిషితో బేరం అంత తేలిక కాదు. ఎలాగూ అనుమతి లేని కట్టడాలను జరిమానాతో క్రమబద్ధం చేసే బీపీఎస్ పథకం వస్తుందిలే అనేవారూ ఉన్నారు. 2007లో వచ్చింది, 2015లో వచ్చింది, 2019లో వచ్చింది. జరిమానా కడితే రికార్డు సరిపోతుంది. బీము లేని గోడకు బీము రాదు.

అందుకే అడుగుతున్నది అనుమతి కాదు, తెలియజేత. 2019లో వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు ప్రణాళిక చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక కార్యదర్శి ఉద్యోగం సృష్టించారు. గోడ ముట్టే ఇంటి పని ఏదైనా సరే, ఒకే పేజీలో, ఫీజు లేకుండా అక్కడ తెలియజేసే ఏర్పాటు చేయాలి. ఏ గోడ, లైసెన్సున్న ఏ ఇంజనీరు చూశాడు, వైరింగు ఎవరిది, రద్దు ఎక్కడికి పోతుంది, ఇంతే. రద్దు మాట ఊరికే అనలేదు. పగిలిన గోడకూ టైల్స్‌కూ బాధ్యత ఇంటి యజమానిదేనని 2016 నిర్మాణ వ్యర్థాల నిబంధనలు చెప్పాయి, అయినా రాత్రిపూట ట్రాక్టర్లు ఏలూరు, బందరు, రైవస్ కాలువల గట్ల మీదే వాటిని దించిపోతాయి. రసీదు ఆన్‌లైన్‌లో వెంటనే రావాలి, నిర్ణీత రోజుల్లో ఎవరూ వచ్చి చూడకపోతే పని మొదలుపెట్టుకోవచ్చు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న 433ను మామూలు మనిషి వాడుకోగలిగేలా చేస్తే చాలు.

అది వచ్చేదాకా పని మన చేతిలోనే ఉంది. మేస్త్రి టేపు పట్టుకుని కొలతలకు వచ్చిన రోజే నాలుగు ప్రశ్నలు అడగండి: ఏ గోడ తీస్తావు, దాన్ని ఏ ఇంజనీరు చూశాడు, వైరింగు చేసేవారి లైసెన్సు నంబరు ఎంత, దశకు ఎంత డబ్బు. రాసి సంతకం పెట్టడానికి ఒప్పుకోకపోతే మర్యాదగా టీ ఇచ్చి పంపేసి, ఇంకో మేస్త్రిని చూసుకోండి.