ఎలుగుబంటి మీద కూర్చోబెట్టినవాడు

ఇంట్లో లైటు ఎక్కడ వెలగాలో మనలో చాలామందికి ఎలక్ట్రీషియనే తేల్చేస్తాడు. గోడలు లేస్తుండగానే వైర్ల పైపులు పడిపోతాయి. సోఫా ఎప్పుడో వచ్చి, ఖాళీ ఉన్నచోట సర్దుకుంటుంది. పారిస్ డెకరేటర్ జాఁ రువాయేర్ (1902–1981) అలంకరించిన గదుల ఫోటోలు చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. అక్కడ సోఫా, దీపం ఒకే చేతి గీతల్లా ఉంటాయి.

ఆయన డిజైన్ బడికి వెళ్లినవాడు కాదు. ఎగుమతి దిగుమతుల వ్యాపారం చేస్తూ, 1931లో అది వదిలేసి, పారిస్‌లో వడ్రంగి పనులకు పేరున్న ఫోబూర్ సెంత్ ఆంత్వాన్ పేటలో పని నేర్చుకున్నాడు. 1934లో షాంజెలీజే వీధిలోని కార్ల్‌టన్ బ్రాసరీ (రెస్టారెంటు) అలంకరణ పనితో నిలదొక్కుకున్నాడు.

1947లో తల్లి ఇంటికోసం చేసిన సోఫా ఆయన్ను చిరస్థాయిగా నిలబెట్టింది. దాని పేరు 'ధ్రువపు ఎలుగుబంటి'. లోపల వంపులు తిరిగిన చెక్క చట్రం, పైన ఒత్తైన ఉన్ని వెల్వెట్. మూల అన్నదే లేదు. చూస్తే నవ్వొస్తుంది, ఆ వెంటనే కూర్చోవాలనిపిస్తుంది. తెల్ల రంగు మాత్రం పిల్లలున్న ఇంటికి పనికిరాదనుకోండి! అదే ఏడాది నాన్సీ నగరం దగ్గర మరో ఫ్రెంచి డిజైనర్ జాఁ ప్రూవే ఫ్యాక్టరీ పెట్టాడు. ఉక్కు రేకు వంచి బడి బల్లలు చేసే మనిషి ఆయన. రెండో ప్రపంచయుద్ధంలో కూలిన దేశానికి ఈ ఇద్దరిలో ఎవరు ఎక్కువ అవసరమంటే ప్రూవే అనే చెబుతాను. రువాయేర్ ఖాతాదారుల్లో ఈజిప్టు రాజు ఫారూక్, ఇరాన్ షా ఉన్నారు మరి.

అయినా నా మనసు దోచింది రువాయేర్ గోడదీపం 'లియాన్', అంటే అడవితీగ. ఒక్కచోట పుట్టిన నల్లటి లోహపు కాడ కొమ్మలు వేసి గోడంతా పాకుతుంది, కొసకొసనా ఒక షేడు. వెలుగు ఒకటి పైన, ఒకటి కింద, ఇంకొకటి పక్కకి పడుతుంది గనక గదిలో చదువుకునే మూల, కబుర్ల మూల వాటంతటవే ఏర్పడతాయి. పగలు స్విచ్ ఆపేసినా నష్టం లేదు, గోడ మీద బొమ్మలా ఉంటుంది. నడినెత్తిన వెలిగే మన ట్యూబ్‌లైటుకు ఈ రెండు పనులూ చేతకావు.

ఖాతాదారుకు చూపడానికి ఆయన గదంతా రంగుల్లో గీసేవాడు. తివాచీ, కుర్చీ, దీపం అన్నీ ఒకే కాగితం మీద. ఆయన కాగితాలు ఇప్పుడు పారిస్‌లోని అలంకార కళల మ్యూజియంలో ఉన్నాయి. ఆ ఎలుగుబంటి సోఫా సెట్టుకు వేలంలో పది లక్షల డాలర్లు దాటి పాడేవాళ్లను పాడుకోనివ్వండి, నాకైతే ఆ కాగితాలు ఒక పూట తిరగేయనిస్తే చాలు.