నీటి దారిన సిరొంచ

కాళేశ్వరం నుంచి సిరొంచకు ఇప్పుడు వంతెన ఉంది, బండి మీద ఇట్టే పోవచ్చు. అయినా ఆ ఊరిని ఒక్కసారైనా పడవలో వెళ్లి చూడాలంటాను. రోడ్డు మీద నుంచి చూస్తే అది గడ్చిరోలి జిల్లాకు ఓ మూలనున్న తాలూకా. నీళ్ల మీద నుంచి చూస్తే పక్కన ప్రాణహిత, కాస్త దిగువన గోదావరి, ఇంకా దిగువన ఇంద్రావతి. అది రేవు కాక మరేమవుతుంది?

కాటన్ దొర కూడా అలాగే చూశాడు. బీరారు పత్తిని పడవలకెత్తి కాకినాడ దాకా దించాలని ఆయన పథకం. నదికి అడ్డొచ్చే రాతి పట్టులు మూడు చోట్ల ఉన్నాయి. 1860ల్లో దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. మన భూపాలపల్లి జిల్లా ఇచ్చంపల్లి దగ్గర మొదలుపెట్టిన పని సగంలోనే ఆగింది. 1867లో నాగపూరుకు రైలొచ్చింది, పత్తి బొంబాయి దారి పట్టింది. 1860లో ఏర్పడిన ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రంగా వెలిగిన సిరొంచ, 1874లో ఆ హోదా కూడా పోగొట్టుకుంది.

చలికాలం పొద్దున, గాలి లేవకముందే బయల్దేరాం. సంగమం దాటి ప్రాణహితలోకి తిరిగితే ఎదురు ప్రవాహం. ఇంజను పడవకు లోతు కావాలి, ఇసుక మేటల మధ్య వెదురు గెడే దిక్కు. పడవాయన గెడను వెనక్కి వాల్చి దింపి, దాని మీద ఒళ్లంతా మోపి నెడుతూ, నడిమి పాయ వదిలేసి ఒడ్డు వెంట పోనిచ్చాడు. అక్కడ ఉరవడి తక్కువ. గెడ ఇసుకలో దిగితే మెత్తగా ఆగుతుంది, రాయి తగిలితే అరచేతిలో జిల్లుమంటుంది. నన్నూ పట్టుకుని చూడమన్నాడు.

“గలగలమన్న కాడ లోతుండదు సారూ. సప్పుడు లేని కాడ జూడాలె,” అన్నాడు.

వరదొచ్చిన ప్రతిసారీ మేటలు జరుగుతాయి. నిరుటి దారి ఈ ఏడు పనికిరాదు, మళ్లీ వెతుక్కోవాల్సిందే. మేడిగడ్డ బ్యారేజీ నిండినప్పుడు మునిగిన మేటలు, 2023 అక్టోబరులో పియర్లు కుంగి నీళ్లు వదిలేశాక మళ్లీ తేలాయి. పాత పడవవాళ్లకు తప్ప ఆ దారులు ఎవరికి తెలుసు? వంతెన వచ్చాక వాళ్ల పిల్లలు గెడ పట్టడం మానేస్తున్నారు. ఈ విద్య తెలిసినవాళ్లు ఉండగానే ఎవరైనా దగ్గర కూర్చుని రాసిపెట్టాలి. జిల్లా కాలేజీల పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు నాకు తోచడం లేదు.

వెళ్లాలనుకునేవాళ్లు దీపావళి దాటాక, నీళ్లు మరీ సన్నబడకముందే వెళ్లండి. ఘాటు దగ్గరి పడవలు మామూలుగా సంగమం దాకే తిప్పుతాయి, సిరొంచ అని ముందే మాట్లాడుకోవాలి. పోయేటప్పుడు ఎదురు నీళ్లు గనక చీకటితోనే బయల్దేరండి.